పుణ్యరాత్రి, మార్నింగ్ షో

అయినా, చూడని సినిమా గురించి చెప్పిన మాట అబద్ధం ఎలా అవుతుంది? అబద్ధం చెప్పాలంటే ముందు నిజం తెలిసి ఉండాలి. నిజం ఇంకా కదిరి బస్సు టాపు మీద, రేకు పెట్టెలో కూర్చుని వస్తూ ఉంది. అది దిగేదాకా ఎవరికి ఏం చెప్పినా ఊహ అవుతుంది కానీ అబద్ధం కాదు. ఇంత చక్కటి వాదం దొరికిన తరువాత కూడా మనసు ఎందుకు కుదుటపడటం లేదో ఆదెన్నకు అర్థం కాలేదు. తోమిన పళ్లనే మళ్లీ తోముకుంటూ పెరట్లో నిలబడిపోయాడు.

"నీళ్లు అయిపోతాయి," అంది భార్య అరుణజ్యోతి వంటింట్లోంచి. "ట్యాంకరు మళ్లీ ఎల్లుండికి గానీ రాదు. పళ్లు యాడికీ పారిపోవులే."

ఆ పొద్దుటి పథకం చాలా సులువైనది. క్రిస్మస్ పండగ. పదకొండు గంటల ఆటకు హాలు నిండాలి. నిండితే నల్లమాడలో రంగనాయక టాకీసు బతుకుతుంది. నిండకపోతే గడ్డి డిపో అవుతుంది.

టాకీసు వాళ్ల నాయన కట్టించినది. నడిపేది ఆదెన్న. కట్టడం మీద పెత్తనం మాత్రం అన్న బయ్యన్నది. ఇళ్లలోకి కేబుల్ వైరు వచ్చాక జనం పలచబడ్డారు. వానలు ముఖం చాటేశాక మిగిలినవాళ్లలో సగం మంది బెంగళూరు బస్సెక్కారు. కరువు మండలమని ప్రభుత్వం పశువుల గడ్డికి డిపో మంజూరు చేస్తే, వచ్చే ఎన్నికల్లో మండలాధ్యక్షుడు కావాలనుకుంటున్న బయ్యన్న దాన్ని పట్టుబట్టి తమ ఊరికి తెచ్చాడు. గడ్డి దొరికింది కానీ దాన్ని పెట్టడానికి చోటు కావాలి. బయ్యన్న చేతిలో ఉన్న పెద్ద కప్పు టాకీసు ఒక్కటే.

"క్రిస్మస్ నాడు మధ్యాహ్నానికి లారీతో వస్తా," అన్నాడు బయ్యన్న వారం కిందట. "హాలు నిండి ఉంటే నీ సినిమాలు నువ్వు ఆడుకో. బెంచీలు ఖాళీగా ఉంటే గడ్డి దించుతా. సరేనా?"

"సరే అన్నా," అన్నాడు ఆదెన్న.

ఆ మాట అనకుండా ఉండటం అతనికి చేతకాదు. ఎదుటి మనిషి ముఖంలో చిన్న వెలుగు కనబడితే చాలు, అది ఆరిపోవడం చూడలేడు. ఆరిపోకుండా ఉండటానికి ఏ మాట కావాలో ఆ మాట అతని నోట్లోంచి దానంతటదే వచ్చేస్తుంది. అన్నేళ్లుగా టాకీసు నడుపుతున్నా సినిమాలు చూసింది తక్కువే. తెర పక్కన తలుపు దగ్గర నిలబడి జనం ముఖాలు చూస్తుంటాడు. వాళ్లు నవ్వితే అది మంచి సినిమా, ఆవలిస్తే చెడ్డది. తనకంటూ వేరే అభిప్రాయం ఉండాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఈ గడ్డి విషయంలో కూడా అన్న మీద కోపం తెచ్చుకుందామని చూశాడు. కుదరలేదు. వీధుల్లో పశువుల డొక్కలు అతనూ చూస్తున్నాడు.

అనంతపురం డిస్ట్రిబ్యూటరు పండక్కి ఇచ్చిన సినిమా పేరు 'పుణ్యరాత్రి'. ఏదో దూరదేశపు సినిమాకు తెలుగు మాటలు అతికించారు. పోస్టరు మీద నల్లటి ఆకాశం, ఒక నక్షత్రం, దీపాలు చుట్టిన పచ్చటి చెట్టు, చెట్టు కింద ఎర్ర అంగీ తొడుక్కున్న తెల్లగడ్డం మనిషి. ఆ మనిషి నడుము నుంచి కిందికంతా 'రంగనాయక టాకీసు, రోజూ మూడు ఆటలు' అన్న స్లిప్పు అంటించి పంపారు. స్లిప్పు వెనక ఆ మనిషి చేతుల్లో ఏముందో ఆదెన్న గోరుతో గీకి చూడలేదు. గీకితే తెలిసిపోతుంది. తెలిస్తే ఎవరైనా అడిగినప్పుడు చెప్పాల్సి వస్తుంది.

మొదట అడిగింది చర్చి పాస్టరు ఏసన్న. "ఏమప్పా ఆదెన్నా, ఇది ప్రభువు పుట్టిన కథేనా?"

"అదే అయ్యగారూ. నక్షత్రం ఉండాది కదా."

అయ్యగారి ముఖం వెలిగింది. ఆరాధన కాగానే సంఘమంతా నేరుగా టాకీసుకే వస్తుందని మాట ఇచ్చాడు.

తరువాత ఆటో స్టాండు నుంచి భరత్ వచ్చాడు. "అన్నా, బయటిదేశం సినిమా అంట. ఫైటింగ్ ఉండాదా?"

"ఉండకుండా యాడికి పోతాది? అంతా ఫైటింగే."

స్టాండులో ఉన్న కుర్రాళ్లందరినీ తోలుకొస్తానన్నాడు భరత్. ఆ సాయంత్రమే చెక్కభజన జట్టుకు పెద్దదిక్కయిన తిరుపాలమ్మ చేతిని కళ్లకు అడ్డం పెట్టుకుని పోస్టరును చూసింది. "భక్తి సినిమానా నాయనా?"

"ఆ గడ్డం చూడవ్వా. ఋషి మాదిరి లేడూ?"

తిరుపాలమ్మ పోస్టరుకు దండం పెట్టుకుని వెళ్లింది.

పండగ నాడు పొద్దున బస్సు ఆలస్యంగా వచ్చింది. ఆపరేటరు సుబ్బన్న పెట్టె మోసుకుని మేడ మీది గదిలోకి పోయి, కాసేపటికి దిగులు ముఖంతో కిందికి దిగాడు. "అన్నా, మొదటి రీలు వేసి చూసినా. ఏమీ కనపడ్డంలేదు."

"లెన్సు తుడువు."

"తుడిచినా. లెన్సు బాగానే ఉండాది. కథే చీకటి."

అప్పటికే జనం వస్తున్నారు. చర్చి వాళ్లు తెల్లబట్టల్లో, కేకు డబ్బాలతో వచ్చారు. భజన జట్టు ఆడవాళ్లు కొబ్బరికాయా ఊదొత్తులూ తెచ్చుకుని, హాలు గడప బయటే చెప్పులు విడిచారు. భరత్ జట్టు చించిన కాగితం ముక్కలు జేబుల నిండా కూరుకొచ్చింది. టికెట్లు చింపుతున్న అరుణజ్యోతి మూడు జట్లనూ చూసి, మొగుణ్ణి చూసింది.

"మూడు జట్లకు మూడు సినిమాలు చెప్పినట్లుండావు. ఉండేది ఒక తెర కదప్పా."

"హాలు నిండింది కదా," అన్నాడు ఆదెన్న.

"నిండేది కాదు, నిలిచేది చూడు."

ఆట మొదలైంది. తెర మీద చీకటి. ఆ చీకట్లో వాన. వానలో ఒక మనిషి నడుస్తున్నాడు. ఒక వీధి దాటాడు. ఇంకో వీధి మొదలైంది. దాని చివరదాకా నడిచాడు. మాట లేదు, పాట లేదు.

"సుబ్బన్నా, లైటెయ్!" అని అరిచాడు భరత్.

"ఓర్చుకోండి," అన్నాడు ఏసన్న తన సంఘంతో. "అది బేత్లెహేము అయి ఉంటాది. యోసేపు తావు కోసం వెతుకుతాండాడు."

నడిచి నడిచి ఆ మనిషి ఒక ఇంట్లో దూరి, ఎర్ర అంగీ తొడుక్కుని, తెల్లగడ్డం తగిలించుకున్నాడు. గడ్డం కనబడగానే భజన జట్టులో చేతులు జోడించారు. ఇంట్లో మూల పెద్ద చెట్టు ఒకటి, దాని నిండా చిన్న చిన్న దీపాలు. ఆ మనిషి సంచిలోంచి గుడ్డ చుట్టిన పొడుగాటి వస్తువు తీసి కొమ్మల మధ్య పెట్టాడు.

"యోసేపు వడ్రంగి కదా," అన్నాడు ఏసన్న. "పనిముట్లు."

రెండోదానికి గుడ్డ జారింది. అది తుపాకి. మూడోదీ తుపాకే. ఏసన్న ఇంకేమీ వివరించలేదు. కుర్రాళ్లు ఈలలు వేసి కాగితాలు ఎగరేశారు. కానీ ఆ మనిషి తుపాకులన్నీ చెట్టులో దాచేసి, కుర్చీ లాక్కుని, వాకిలి వైపు చూస్తూ కూర్చున్నాడు. అలాగే కూర్చున్నాడు. బయట వాన పడుతోంది. అతని పగవాళ్లు ఎప్పుడో వస్తారు. వచ్చేదాకా అతను లేవడు.

ఆదెన్న తెర పక్కన నిలబడి ముఖాలు చూస్తున్నాడు. ఒక్కో ముఖంలోనూ వెలుగు తగ్గుతోంది.

"కొట్టప్పా ఎవర్నో ఒకర్ని!" అన్నాడు భరత్ తెర వైపు చూసి. "నువ్వు లేస్తావా, మేం లెయ్యాల్నా?"

చర్చి ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు కేకు డబ్బాలు సర్దుకుని నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే బయట లారీ హారను మోగింది. ఆ హారను ఆగకముందే కరెంటు పోయింది.

తెర మీద చీకటి పోయి, అసలు చీకటి వచ్చింది. జనరేటరుకు డీజిలు లేదని ఆదెన్నకు తప్ప ఎవరికీ తెలియదు.

"ఆదెన్నా! ప్రభువు యాడప్పా?" అంది ఏసన్న గొంతు.

"ఫైటింగ్ యాడన్నా?" అంది భరత్ గొంతు. "అంతా ఫైటింగే అంటివి!"

ఆదెన్న నోరు తెరిచాడు. ఇలాంటప్పుడు మాట దానంతటదే రావాలి. రాలేదు. ఆ చీకట్లో ఒక్క ముఖమూ కనబడటం లేదు. ముఖం చూడకుండా మాట్లాడటం అతను ఎన్నడూ నేర్చుకోలేదు. చెట్టు పక్కన కూర్చున్న ఆ గడ్డం మనిషిలాగే, ఏం వస్తుందో తెలియకుండా నిలబడ్డాడు. బెంచీలు కిర్రుమంటున్నాయి. జనం లేస్తున్నారు. తలుపు అవతల అన్న ఉన్నాడు, గడ్డి ఉంది.

"అరవాకండి," అంది తిరుపాలమ్మ. "పర్వం నడుస్తాండాది."

హాలు ఆగిపోయింది. పర్వం అంటే ఏమిటో ఆ ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. వానలు రాకపోతే పెద్దలు అయ్యవారిని పిలిపించి చదివించే కథ అది. రాజులు మారువేషాల్లో ఇంకొకరి కొలువులో దాక్కుంటారు. ఆయుధాలు జమ్మిచెట్టు మీద దాచిపెడతారు. ఎవరెంత రెచ్చగొట్టినా గడువు తీరేదాకా చెయ్యెత్తరు. తీరాక చెట్టు మీంచి ఆయుధాలు దించుతారు. అక్కడిదాకా చదివితే వాన వస్తుందని నమ్మకం.

"వేషం మార్చుకున్నాడా లేదా?" అంది తిరుపాలమ్మ. "ఆయుధాలు చెట్టు మీద దాచినాడా లేదా? గడువు కోసం కూర్చున్నాడా లేదా? బొమ్మలో వాన కూడా పడతాండాది. ఇది పర్వం కాక ఇంకేంది?"

"అవ్వా, అది క్రిస్మస్ చెట్టు," అన్నాడు భరత్.

"జమ్మిచెట్టు వాళ్ల దేశంలో యాడ మొలుస్తాది రా? ఉండే చెట్టు మీద దాచుకున్నాడు."

"ఈ చలికాలంలో వాన ఏందవ్వా?" అని గొణిగాడు భరత్.

"కాలంలో రాకపాయె. కాలం కాని కాలంలోనన్నా రానీ. పర్వం మధ్యలో లేసిపోతే ఏమైతాదో తెలుసు కదా? ఊరి మీదికొచ్చిన మబ్బు వెనక్కి మళ్లుతాది. ఎవరు లేస్తారో లెయ్యండి. పేరు గుర్తు పెట్టుకుంటా."

బెంచీలు మళ్లీ కిర్రుమన్నాయి. ఈసారి కూర్చునే కిర్రు. చర్చి వరసలో మాత్రం కాసేపు గుసగుసలు నడిచాయి. వాళ్లకూ చేన్లున్నాయి. వాళ్ల బోర్లూ ఎండిపోయాయి.

"మేం వచ్చింది ప్రభువు కోసం," అన్నాడు ఏసన్న చివరికి. "కానీ వాన మాకూ కావాల కదా. కరెంటు వచ్చేదాకా పండగ పాటలు పాడుకుంటాం. నీకేమన్నా అడ్డమా తిరుపాలమ్మా?"

"పాడండప్పా. మధ్యలో భజన ఉంటే పర్వానికి ఇంకా మంచిది."

బయ్యన్న తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి హాలు క్రిక్కిరిసి ఉంది. తెర మీద ఏమీ లేదు. చీకట్లో ఊదొత్తులు వెలుగుతున్నాయి. జనం కేకు తింటూ క్రీస్తు జననం పాట పాడుతున్నారు, దానికి చెక్కభజన జట్టు తాళం వేస్తోంది.

"సినిమా యాడ రా?" అన్నాడు తమ్ముణ్ణి వెతికి పట్టుకుని.

"కరెంటు లేదన్నా."

"మరి ఈళ్లంతా ఎందుకు కూసోనుండారు?"

బయ్యన్న జవాబు కోసం ఆగలేదు. "ఆట లేకుంటే హాలు ఖాళీ కిందే లెక్క. లారీవాడు తొందర పడతాండాడు. లేపు అందర్నీ, గడ్డి దించుకుందాం. సరేనా?"

తలుపు సందులోంచి వచ్చిన వెలుతురులో అన్న ముఖం కనిపించింది. ముఖం కనిపించగానే ఆదెన్న నాలుక చివరికి 'స' వచ్చేసింది. అది జారేలోపల తిరుపాలమ్మ అందుకుంది.

"బయ్యన్నా! పర్వం మధ్యలో జనాన్ని లేపుతావా? లేపు. రేపు వాన రాకపోతే ఊరంతా ఎవర్ని తిట్టుకుంటాదో కూడా చూసుకో."

బయ్యన్న హాలును ఒక మూల నుంచి ఇంకో మూలకు కళ్లతో కొలిచాడు. ఒక కప్పు కింద ఇన్ని ఓట్లు అతను ఏ సభలోనూ చూడలేదు. గొంతు సవరించుకున్నాడు.

"లేపేదేంది అవ్వా? ఈ పర్వం పెట్టించిందే నేను. పండగ నాడు ఊరికి మంచి జరగాలని తమ్మునికి చెప్పింది నేనే. ఏం ఆదెన్నా?"

ఆదెన్న తల ఊపలేదు. అడ్డంగానూ ఊపలేదు. చీకట్లో అది ఎవరూ గమనించలేదు.

"మరి గడ్డి?" అన్నాడు బయ్యన్న, స్వరం తగ్గించి. "లారీని ఎంతసేపు నిలబెట్టేది?"

"మా చర్చిలో దించండి," అన్నాడు ఏసన్న. "కరువు తీరేదాకా ఆరాధన బయట పందిట్లో చేసుకుంటాం. ప్రభువు పుట్టింది పశువుల పాకలోనే కదా. గడ్డి ఆయనకేం కొత్త కాదు."

బయ్యన్న మనిషిని పంపి లారీని చర్చికి మళ్లించి, తను ముందు వరస బెంచీ మీద కూర్చున్నాడు. చాలాసేపటికి కరెంటు వచ్చింది. గడ్డం మనిషి ఎక్కడ కూర్చున్నాడో అక్కడే ఉన్నాడు. ఈసారి ఎవరూ లైటెయ్యమని అరవలేదు. తెర ఎలాగూ సరిగా కనబడదు కాబట్టి సగం మంది కళ్లు మూసుకుని వాన చప్పుడు విన్నారు. రేకుల మీద పడే వాన, చూరు నుంచి కారే వాన, గుంటలో నిండే వాన. చాలా కాలంగా ఆ చెవులకు అందని చప్పుడు. భరత్ కూడా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, పక్కవాడు ఏదో అనబోతే "ష్" అన్నాడు. కనిపెట్టుకుని కూర్చోవడం అంటే ఏమిటో ఆ హాల్లో తెలియనివాళ్లు లేరు. సినిమా నెమ్మదిగా ఉందని ఇక ఎవరికీ అనిపించలేదు.

ఆదెన్న అలవాటు కొద్దీ ముఖాలు చూశాడు. అందరూ తెర వైపు తిరిగి ఉన్నారు. తనొక్కడే జనం వైపు తిరిగి ఉండటం అతనికే వింతగా తోచింది. మెల్లగా వెనక్కి తిరిగి, తనూ తెర చూశాడు.

పగవాళ్లు వచ్చారు. గడ్డం మనిషి లేచి చెట్టులోంచి ఆయుధాలు దించాడు. గోవిందలు, హల్లెలూయాలు, ఈలలు ఒకేసారి లేచి రేకుల కప్పు అదిరింది. వక్క కొరికేంత సేపట్లో పోరు ముగిసింది. వాన సన్నగిల్లి, తెల్లగా ఏదో రాలడం మొదలైంది. తిరుపాలమ్మ తెర ముందుకు పోయి కొబ్బరికాయ కొట్టింది. ఏసన్న మిగిలిన కేకు ముక్కలు భరత్ జట్టు కుర్రాళ్లకు పంచాడు.

"వాన వచ్చేదాకా ఇదే ఆట నడవాల," అని ప్రకటించాడు బయ్యన్న లేచి నిలబడి. "అంతవరకు టాకీసు జోలికి ఎవరు వచ్చినా నేను ఊరుకోను."

అరుణజ్యోతి తలుపు దగ్గర నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. జనం గోల సద్దుమణిగాక తిరుపాలమ్మ ఆదెన్న ముందుకు వచ్చింది. ఆమె వెనక భజన జట్టు, వాళ్ల వెనక చర్చి వాళ్లు, కుర్రాళ్లు. దీపాలన్నీ వెలిగి ఉన్నాయి. అందరి ముఖాలూ కనిపిస్తున్నాయి.

"నువ్వు తెచ్చిన పర్వం కదా నాయనా. నువ్వు చెప్పు. వాన వస్తాదా?"

వస్తాదవ్వా. ఆ మాట గొంతులో సిద్ధంగా ఉంది. వెనక నుంచి బయ్యన్న కళ్లతో సైగ చేస్తున్నాడు. వస్తుందని అంటే టాకీసు నిలుస్తుంది. తెలియదని అంటే ఈ వెలుగంతా ఒక్కసారిగా ఆరిపోవచ్చు, రేపు లారీ మళ్లీ ఇటే రావచ్చు. ఆదెన్న ఆ ముఖాల్ని ఒక్కొక్కటిగా చూశాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నాకు తెల్దవ్వా," అన్నాడు. "ఈ సినిమాలో ఏముందో కూడా నాకు తెల్దు. చూడకుండానే తెచ్చినా. చూడకుండానే మీకందరికీ ఏందేందో చెప్పినా."

బయ్యన్న నుదురు కొట్టుకున్నాడు. తిరుపాలమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"చదివే అయ్యవారికి మాత్రం తెలుసునా ఏంది?" అంది. "రేపు ఆట ఎన్ని గంటలకు?"

మర్నాడు ఆకాశంలో మబ్బు లేదు. హాల్లో చోటు లేదు.